ఇరవై నాలుగు లీటర్ల గాలి

జానిస్ హెప్‌వర్త్ ఎవర్నీ నమ్మదు. ఆ మాట ఆమె మొహం మీదే అన్నా ఏమీ అనుకోదు. పైగా "నమ్మి బాగుపడ్డవాణ్ణి ఒక్కణ్ణి చూపించండి" అని ఎదురు అడుగుతుంది. పాలసీసా మీద తేదీ ఉన్నా మూత తీసి వాసన చూస్తుంది. డాక్టరు బీపీ చూస్తే ఇంటికొచ్చి తన మిషనుతో మళ్ళీ చూసుకుంటుంది. ఒకసారి వాళ్ళ ఊరు కడ్విక్ చర్చిలో ఇంట్లో చేసిన కేకుల పోటీ పెట్టారు. మొదటి బహుమతి ప్రకటించగానే అందరూ చప్పట్లు కొడుతుంటే, జానిస్ మాత్రం వెళ్ళి ఆ కేకు ఎత్తి, అడుగున బేకరీ కాగితం అంటుకుని ఉందేమోనని చూసింది. ఉంది కూడా. అప్పటినుంచి ఆవిడ హాల్లోకి అడుగుపెడితే ఆడవాళ్ళు ఎవరి పళ్ళేలు వాళ్ళు దగ్గరికి జరుపుకుంటారు.

పుట్టుకతోనే ఇలా ఉందనుకుంటే పొరపాటే. ఆమె మొగుడు బారీ పదకొండేళ్ళు ప్రతి శనివారం చేపలు పట్టడానికని వెళ్ళాడు. ఒక్క చేప ఇంటికి తెచ్చిన పాపాన పోలేదు. పట్టిన చేపని మళ్ళీ నీళ్ళలో వదిలెయ్యడమే మర్యాద అని చెబితే పిచ్చిది నమ్మింది. పన్నెండో ఏట ఎందుకో అనుమానం వచ్చి అతని గాలం పెట్టె తెరిచి చూసింది. దారం మీద కొట్టువాడు చుట్టిన ప్లాస్టిక్ చుట్టినట్టే ఉంది. బారీ శనివారాలన్నీ డాన్‌కాస్టర్‌లో ఒక క్షురశాల నడిపే ఆవిడ ఇంట్లో గడిచాయని తెలియడానికి మరో వారం పట్టింది. ఆ వారంలోనే జానిస్ ఇప్పటి జానిస్ అయింది.

నలభై ఐదో ఏట స్కూలు వంటశాలలో గరిటె పక్కన పెట్టి, ఫ్యాన్లు పరీక్షించే పనిలో చేరింది. ఆ పని ఆమె కోసమే పుట్టిందా అన్నట్టుంటుంది. ఇప్పటి కొత్త ఇళ్ళు డబ్బాల్లా బిగుతుగా కడుతున్నారు, వేడి బయటికి పోకూడదని. వేడి పోకపోతే ఆవిరీ పోదు. అందుకని స్నానాలగదిలోనూ వంటింట్లోనూ ఫ్యాను పెట్టి ఆ తడిగాలిని బయటికి లాగాలని నిబంధన. ఊరికే పెడితే చాలదు, సెకనుకు ఎన్ని లీటర్లు లాగుతోందో కొలిచి కాగితం మీద రాసి సంతకం పెట్టాలి. ఆ సంతకం లేకపోతే ఇంటి తాళాలు చేతికి రావు. స్నానాలగదికి పదిహేను లీటర్లకి తగ్గకూడదు. జానిస్ ఒక గుడ్డ గరాటు తీసుకెళ్ళి ఫ్యాను నోటికి ఆనిస్తుంది, గరాటు మెడలో ఉన్న మీటరు అంకె చూపిస్తుంది. అంతే పని.

చూడ్డానికి ఇంతే. కానీ అందులో ఎన్ని మోసాలు! పద్నాలుగు దగ్గర ముల్లు ఆగిపోయేసరికి సైటు మేనేజరు కబుర్లు చెబుతూ చెబుతూ మడమతో తలుపు ఓరగా తెరుస్తాడు. తలుపు తెరిస్తే గాలి ధారాళంగా వచ్చి అంకె పెరుగుతుంది. ఇంకొకడు పక్క గదిలో కిటికీ తీసి వస్తాడు. జానిస్ ముందు ఇల్లంతా తిరిగి కిటికీలన్నీ మూసి, మేనేజర్ని గడప బయట నిలబెట్టి, తలుపు తనే వేసుకునేది. "నా సొంత మొగుడినే తలుపు బయట నిలబెట్టాను, నువ్వెంత" అనేది. మీటరు అంకెలు దాచే టాబ్లెట్టు కంప్యూటర్ని కూడా నమ్మక, అంకెలన్నీ ఒక చిన్న నోటుబుక్కులో పెన్సిలుతో మళ్ళీ రాసుకునేది.

ఇక ఇళ్ళలో ఉండేవాళ్ళ సంగతి వేరే. ఫ్యాను మోత భరించలేక గుమ్మం పైనున్న స్విచ్చి ఆపేస్తారు. చలిగాలి వస్తోందని కిటికీ మీది సన్నటి కంతలకి టేపు అంటిస్తారు. తడిబట్టలన్నీ హీటర్ల మీద ఆరేస్తారు. తరవాత గోడ నల్లబడితే ఇల్లు కట్టినవాణ్ణి తిడతారు. అడిగితే అందరిదీ ఒకటే మాట, "అబ్బే, మేమలా చెయ్యం". జానిస్ ఆ మాట విని తల ఊపి, తిన్నగా వెళ్ళి స్విచ్చి మీద దుమ్ము చూస్తుంది. దుమ్ములో వేలిముద్ర ఉంటే ఆ పొద్దున్నే వేశారన్నమాట.

ఫిబ్రవరిలో ఒక మంగళవారం పొద్దున డామియన్ ఫోన్ చేశాడు. కడ్విక్‌లో పాత బొగ్గుగని పూడ్చి, దాని మీద కట్టిన ఇరవై ఆరు చిన్న ఇళ్ళని అద్దెకిచ్చే సంస్థలో వాడు ఫిర్యాదులు చూసే ఉద్యోగి.

"జానిస్, సిల్క్‌స్టోన్ వీధి తొమ్మిదో నంబరు గుర్తుందా?"

"నేను ఏడాదికి నాలుగొందల స్నానాలగదులు చూస్తాను. ఏ తొమ్మిది?"

"నాలుగేళ్ళ కిందట కొత్తింటికి నువ్వే టెస్టు చేశావు. అందులో క్లిఫ్ స్కేఫ్ అని ఒక పాత గనిమనిషి ఉంటాడు. పడగ్గది కప్పు నల్లబడిందని మూడు చలికాలాలుగా నా ప్రాణం తీస్తున్నాడు. నువ్వెళ్ళి ఆ ఫ్యాను ఇంకోసారి కొలిచి అంకె చెప్పు చాలు."

"చెబితే?"

"ఫ్యాను బాగుంటే తప్పు ఆయనదే. ఒంటరి ముసలాయన, ఇల్లు చూసుకోలేకపోతున్నాడని రాసి ఫైలు మూసేస్తాం. బార్న్‌స్లీలో వృద్ధుల ఫ్లాట్లున్నాయి, అక్కడికి మారుస్తాం. ఆయనకీ మంచిదే."

ఎవరికైనా ఏదైనా మంచిదే అని మూడోవాడు చెబితే జానిస్‌కి ఒళ్ళు మండుతుంది. అయినా ముసలాయన మీద అనుమానం దానికి రెట్టింపు ఉంది. మూడు చలికాలాలు ఫిర్యాదు చేసేవాళ్ళ ఇళ్ళలో హీటరు మీద చొక్కాలు ఎన్ని ఉంటాయో ఆమెకి బాగా తెలుసు. గరాటు వ్యానులో వేసుకుని బయల్దేరింది.

క్లిఫ్ స్కేఫ్ తలుపు సగమే తెరిచాడు. డెబ్భై నాలుగేళ్ళ మనిషి, పొట్టిగా గట్టిగా ఉన్నాడు. ఊపిరి తీస్తే మాత్రం లోపల కాగితం నలిగినట్టు చప్పుడు. గని దుమ్ము. ఆమె గుర్తింపు కార్డు తీసుకుని చెయ్యి బారజాపి చదివాడు, తరవాత ఆమె మొహం చూశాడు, మళ్ళీ కార్డు చూశాడు.

"ఈ ఫొటో నీదేనా తల్లీ?"

"నాదే."

"ఇందులో నవ్వుతున్నావే."

"అది పన్నెండేళ్ళ కిందటిది లెండి."

"హెప్‌వర్త్," అన్నాడు కార్డు మీద వేలు పెట్టి. "ఇంటి ఫైల్లో ఉన్న కాగితం మీద సంతకం కూడా హెప్‌వర్తే. అంటే నువ్వు పెట్టిన పరీక్షకి నువ్వే మార్కులు వెయ్యడానికి వచ్చావన్నమాట."

"నా పని నేను సరిగ్గానే చేస్తానండీ."

"అందరూ అదే అంటారు," అని తలుపు తెరిచాడు. అలా అడిగిన మనిషి మీద జానిస్‌కి కోపం రాలేదు. కార్డు అంత సేపు చదివినవాణ్ణి ఆమె ఇంతవరకూ చూడలేదు.

ముందు హీటర్లు చూసింది. ఒక్కదాని మీదా బట్ట లేదు. కిటికీ కంతలు తెరిచే ఉన్నాయి. స్విచ్చి మీద దుమ్ము అలాగే ఉంది. స్నానాలగది తలుపు కింద వేలెడు సందు ఉండాల్సినంతా ఉంది, తివాచీ పరిచి మూసెయ్యలేదు. వంటింట్లో గిన్నెలన్నిటికీ మూతలున్నాయి. ఫ్రిజ్ తలుపు మీద సంస్థవాళ్ళ కరపత్రం అంటించి ఉంది, 'మీ ఇంట్లో చెమ్మ: మీరేం చెయ్యాలి?' అని. దాని అంచులు అరిగిపోయి ఉన్నాయి. ఒక్కో వాక్యం పక్కన పెన్నుతో గీత పెట్టుకున్నాడు.

ఇంత బుద్ధిగా ఉన్న ఇల్లు చూసేసరికి ఆమెకి అనుమానం ఇంకా ఎక్కువైంది. తను వస్తోందని తెలిసి సర్దేశాడనుకుంది. ఆయన చూడకుండా బట్టలుతికే మిషను వెనక్కి తొంగి చూసింది. పొయ్యి కింద అర తెరిచి చూసింది.

"తడి తువ్వాలు దొరికిందా తల్లీ?" అన్నాడు క్లిఫ్ వెనకనుంచి.

"వెతకడం నా పని."

"వెతుకు. నేనూ వెతికినవాణ్ణే."

పడగ్గది గుమ్మంలో మాత్రం జానిస్ ఆగి తల పైకెత్తింది. మంచం లేదు, ఆయన దాన్ని ముందుగదిలోకి లాక్కుని అక్కడే పడుకుంటున్నాడు. పైన కప్పు మీద భోజనాల బల్లంత మేర నల్లగా పట్టేసి, అంచుల్లో ఆకుపచ్చ తిరిగి, గది అంతా తడిగోనె వాసన. గని దుమ్ము తిన్న ఊపిరితిత్తులతో ఈ గదిలో ఒక్క రాత్రి పడుకున్నా కొంప మునుగుతుంది. ఆ సంగతి ఆమెకి తెలిసింది, జాలి కూడా కలిగింది. అయితే జాలి వేరు, కొలత వేరు.

స్నానాలగది తలుపు వేసుకుని గరాటు పైకెత్తి ఫ్యాను జాలీకి ఆనించింది. ముల్లు జంకకుండా పైకి వెళ్ళింది. ఇరవై నాలుగు. దించి మళ్ళీ పెట్టింది. ఇరవై నాలుగు. ఉండాల్సింది పదిహేను. ఇంత బాగా లాగే ఫ్యాను ఈ వీధి మొత్తంలో ఉండదు. డామియన్ అనుకున్నదే జరిగింది. ముసలాయన బార్న్‌స్లీకి పెట్టె సర్దుకోవలసిందే.

"పాసయింది," అంది బయటికొచ్చి, కొంచెం మెల్లగానే.

"అవుతుందని తెలుసు," అన్నాడు క్లిఫ్. "రోజూ కాగితం ముక్క పెట్టి చూస్తున్నాను, అతుక్కుపోతోంది. లాగడం గురించి నాకు పేచీ లేదు. లాగింది ఎక్కడికి పోతోంది?"

"బయటికి."

"చూశావా?"

"గొట్టం గదుల పైనున్న అటకలోంచి కప్పు మీది కంతల పెంకు దాకా వెళ్తుందండీ. అన్ని ఇళ్ళకీ అంతే."

"చూశావా అని అడిగాను."

ఆయన కుర్చీలో కూర్చుని, ఊపిరి కూడదీసుకుని చెప్పాడు. "ఇరవై ఎనిమిదేళ్ళు ఈ నేల కిందే పనిచేశాను తల్లీ. అందులో తొమ్మిదేళ్ళు ఓవర్‌మన్‌ని, లోపల పనికీ భద్రతకీ పెద్దని. గాలి కొలవడం నా పనే. లోపలికి ఎంత వెళ్తోందో కొలిచి ఊరుకుంటే చచ్చామన్నమాటే. అది బయటికొచ్చే దారి వెంట చివరిదాకా నడిచి వెళ్ళి, అక్కడ కూడా కొలవాలి. రెండూ సరిపోతేనే గోడ మీద సుద్దతో పేరూ టైమూ రాసేవాణ్ణి. నడవకుండా రాసినవాణ్ణి మర్నాడు గనిలోకి దిగనిచ్చేవాళ్ళం కాదు."

"ఇది గని కాదుగా."

"ఊపిరి అదే కదా." లేచి కోటు వేసుకున్నాడు. "రా, ఒకటి చూపిస్తా."

బయట గడ్డి మీద మంచు ఇంకా కరగలేదు. పక్కింటి కప్పు మీద ఒక పెంకులోంచి తెల్లటి పొగ పొగలుగా వస్తోంది. "మిసెస్ బూత్ స్నానం చేస్తోంది," అన్నాడు క్లిఫ్. "ఏడున్నరకి పదకొండో నంబరు వాళ్ళు. ఎనిమిదికి ఎదురింటి వాళ్ళు. నేను మూడు చలికాలాలుగా చూస్తున్నాను. వీధిలో అందరి కప్పులూ ఊపిరి వదుల్తాయి, నాది తప్ప. ఈ మాట డామియన్‌కి చెబితే, ఇళ్ళ కప్పులు చూస్తూ కూర్చోవడం ఆరోగ్యానికి మంచిది కాదన్నాడు."

జానిస్ లోపలికి వెళ్ళి వేడినీళ్ళ షవరు విప్పి, ఫ్యాను వేసి, తలుపు మూసి వచ్చింది. ఇద్దరూ మెడలు వెనక్కి వాల్చి కప్పుకేసి చూస్తూ నిలబడ్డారు. తలంటుకున్న జుట్టుకి తువ్వాలు చుట్టుకుని మిసెస్ బూత్ చెత్తడబ్బా లాక్కుంటూ వచ్చింది.

"ఏంటి క్లిఫ్, పిల్లి ఎక్కిందా?"

"లేదు మేడమ్, గాలి తప్పిపోయింది. వెతుకుతున్నాం."

"ఈయనతో పెట్టుకోకమ్మా," అని జానిస్‌కి కన్నుగీటి పోయిందావిడ. పది నిమిషాలు గడిచాయి. తొమ్మిదో నంబరు కప్పు మీది పెంకు మంచు పట్టి తెల్లగా అలాగే ఉంది. ఒక్క తీగ పొగ రాలేదు.

అప్పుడు జానిస్‌కి మళ్ళీ ముసలాయన మీదే అనుమానం వచ్చింది. ఈయనే అటక ఎక్కి గొట్టం పీకేసి ఈ నాటకం ఆడుతుంటే? గాలి సంగతి ఇంత తెలిసినవాడికి అదెంత పని? గబగబా లోపలికి వెళ్ళి, షవరు కట్టేసి, నడవాలో నిచ్చెన వేసి అటక మూత చూసింది. నాలుగు అంచులా గాలి చొరకుండా బిగింపు మైనం వేసి, దాని మీద తెల్లరంగు పూసేశారు. ఇల్లు కట్టినప్పుడు వేసిన రంగు. ఎక్కడా గీత లేదు, పగులు లేదు. ఈ మూత నాలుగేళ్ళలో ఎవరూ తెరవలేదు.

డామియన్‌కి ఫోన్ చేసింది. "అంకె ఇరవై నాలుగు. కానీ నేను అటకెక్కాలి."

"ఎందుకు? అటక నీ పనిలో లేదు. అంకె వచ్చింది కదా, ఇంటికి పో."

"ఎక్కొద్దంటున్నావా?"

"పనిలో లేదంటున్నా."

ఎక్కొద్దని ఎవరైనా అంటే జానిస్ ఎక్కకుండా ఉండగలదా! చాకుతో మైనం కోసి మూత ఎత్తింది. టార్చి వేసింది. స్నానాలగది జాలీలోంచి గాలి లాగే ఫ్యాను పెట్టె సరిగ్గా పడగ్గది మీద, దూలాల మధ్య కూర్చుని ఉంది. దాని అవతలి మూతికి గొట్టం లేదు. అక్కడినుంచి కప్పు పెంకు దాకా వెళ్ళాల్సిన గొట్టం, పక్కనే, ప్లాస్టిక్ సంచీలో చుట్ట చుట్టినట్టే ఉంది. సంచీ కూడా విప్పలేదు. ఎలక్ట్రీషియను కప్పువాళ్ళు కలుపుతారనుకున్నాడు, కప్పువాళ్ళు ఎలక్ట్రీషియను కలుపుతాడనుకున్నారు, వేడి పోకుండా దూది పరిచేవాళ్ళు రెండిటి చుట్టూ దూది పరిచి దిగిపోయారు. నాలుగేళ్ళ స్నానాల ఆవిరి అంతా ఈ అటకలోకే ఊదుకుని, చల్లటి కప్పుకి తగిలి నీళ్ళయి, పడగ్గది మీది దూదిలోకి కారింది. చెయ్యి పెట్టి పిండితే నల్లటి నీళ్ళు వచ్చాయి.

మొదట ఆమెకి పట్టరాని కోపం వచ్చింది. దొంగవెధవలు, నా చెవిలో పువ్వు పెట్టారు అనుకుంది. సైటు మేనేజర్ని తిట్టింది, ఎలక్ట్రీషియన్ని తిట్టింది. కిందికి దిగి, క్లిఫ్‌తో ఏమీ చెప్పకుండా వ్యానులోకి వెళ్ళి, పాత నోటుబుక్కుల పెట్టె తెరిచి ఆ ఏడాది బుక్కు తీసింది. సిల్క్‌స్టోన్ వీధి పేజీ దొరికింది.

ఏడో నంబరు, పదిహేడు. పదకొండో నంబరు, పదిహేడు. అవే ఫ్యాన్లు, అవే గొట్టాలు, అంతే దూరం. మధ్యలో తొమ్మిది, ఇరవై నాలుగు. దాని కింద రెండు గీతలు గీసి ఉన్నాయి, ముచ్చటపడి.

పొడుగాటి గొట్టం మోసే ఫ్యాను ఇరవై నాలుగు లాగదు. గొట్టమే లేని ఫ్యాను లాగుతుంది. అడ్డేమీ లేదు కాబట్టే అంత హాయిగా ఊదుతోంది. ఆ సంగతి ఆ అంకే చెబుతోంది, కళ్ళున్న ఎవరికైనా. తలుపు సందులు చూసింది, మేనేజరు మడమలు చూసింది, పద్నాలుగు వస్తే పదిసార్లు కొలిచింది. ఇరవై నాలుగు వస్తే ఒక్కసారి కూడా ఎందుకని అడగలేదు. బారీ పెట్టె తెరిచి చూసిన మనిషి ఈ అటక మూత తెరిచి చూడలేదు.

ఇంకొకటి కూడా ఉంది, అది ఇంకా ఘోరం. ఆ కాగితంలో ఒక గడి ఉంటుంది, 'గొట్టం బయటివరకూ కలిపి ఉన్నట్టు చూశాను' అని. ఫ్యాను పరీక్షించేవాళ్ళందరూ ఆ గడిలో టిక్కు వ్యానులో కూర్చునే పెడతారు. అటకలెక్కి దిగుతుంటే రోజుకి రెండిళ్ళు కూడా కావు. జానిస్ కూడా అంతే. పన్నెండేళ్ళలో ఎన్ని వేల టిక్కులు పెట్టిందో ఆమెకే తెలీదు.

ఫోన్ మోగింది. "ఏం చూశావు?" అన్నాడు డామియన్. చెప్పింది.

"సరే, విను. గొట్టం ఈమధ్య ఊడిపోయిందని రాయి. గాలివానకి కదిలిందనో, ఏదో. రేపే మనిషిని పంపి కలిపించేస్తా. ఆయన గదికి రంగు వేయిస్తా, బార్న్‌స్లీ మాట ఎత్తను. అందరికీ బాగుంటుంది."

"అది ఊడలేదు. సంచీలోనే ఉంది."

"నువ్వు తప్ప ఎవరు చూశారు? జానిస్, నీ మంచికే చెబుతున్నా. మొదటినుంచీ లేదని రాస్తే ముందు పోయేది నీ కార్డు, దాంతో ఉద్యోగం. ఇరవై ఆరు ఇళ్ళ అటకలూ విప్పాలి మేము. నీ వయసులో మళ్ళీ స్కూల్లో బంగాళాదుంపలు చెక్కుతావా?"

వాడన్నదాంట్లో అబద్ధం లేదు. ఫోన్ పెట్టేసి స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చుంది. భయం వేసింది. యాభై ఏడేళ్ళ మనిషికి ఉన్న ఒక్క ఆధారం పోతుందంటే ఎవరికైనా వేస్తుంది. ముసలాయనకి కావలసింది పొడిగా ఉన్న గది. అది ఎలాగూ వస్తోంది. ఊడిపోయింది అని రెండు ముక్కలు రాస్తే పోయేదేముంది? చాలాసేపు తనకి తనే అలా నచ్చచెప్పుకుంది. నచ్చచెప్పుకుంటున్నకొద్దీ ఆ గొంతు ఎక్కడో విన్నట్టు అనిపించింది. చేపల్ని నీళ్ళలో వదిలెయ్యడమే మర్యాద అని పదకొండేళ్ళు చెప్పిన గొంతు కూడా ఇంత మెత్తగానే ఉండేది.

కాగితం తీసి రాసింది. గొట్టం ఇల్లు కట్టిన రోజునుంచీ కలపలేదు. మొదటి పరీక్షలో వచ్చిన ఇరవై నాలుగు లీటర్ల అంకెని బట్టే ఆ సంగతి తెలిసి ఉండాలి. పరీక్ష చేసింది నేనే, అటక చూడకుండా చూశానని టిక్కు పెట్టింది నేనే. పడగ్గది చెమ్మకి ఇంట్లో ఉన్నవాళ్ళ తప్పు ఏమీ లేదు. కింద సంతకం పెట్టి పేరు పెద్ద అక్షరాల్లో రాసింది.

లోపలికి తెచ్చి ఇచ్చింది. క్లిఫ్ కిటికీ దగ్గరికి వెళ్ళి వెలుతుర్లో చదివాడు. వెనక్కి తిప్పి, అక్కడేమైనా చిన్న అక్షరాల్లో ఉందేమోనని చూశాడు. మళ్ళీ మొదటినుంచి చదివాడు. సంతోషిస్తాడనుకుంది జానిస్. లేదా తిడతాడనుకుంది. ఆయన కుర్చీ చెయ్యి పట్టుకుని మెల్లగా కూర్చున్నాడు.

"మొదటిరోజు నుంచీనా?"

"మొదటిరోజు నుంచీ."

"నీ పాత కాగితం ఆ ఫైల్లో ఉంది. ఇరవై నాలుగు. పదిహేను చాలు, ఇరవై నాలుగుంది. మార్లీన్‌కి అది తెచ్చి చూపించేవాణ్ణి." మార్లీన్ ఎవరని జానిస్ అడగలేదు. అలమారలో ఫొటో ఉంది. "నా భార్య ఆ గదిలోనే పడుకునేది. మొదటి చలికాలంలోనే చెమ్మ పట్టింది. ఇంట్లోనే ఏదో లోపం ఉంది క్లిఫ్ అనేది. నేను ఒప్పుకోలేదు. సంతకం పెట్టిన కొలతని నేను ఏనాడూ అనుమానించలేదు తల్లీ, గనిలో అలా నేర్చుకోలేదు. అందుకని దాన్ని అనుమానించాను."

"ఆవిడనా?"

"మూత పెట్టకుండా వండుతున్నావనేవాణ్ణి. నేను క్లబ్బుకి వెళ్ళగానే తడిబట్టలు గదిలో ఆరేస్తున్నావనేవాణ్ణి. తిరిగొచ్చి హీటర్లు తడిమి చూసేవాణ్ణి. ఆ కరపత్రం మీద గీతలు నేను పెట్టుకున్నవి కావు, దానికోసం పెట్టినవి." ఊపిరి అందక కాసేపు ఆగాడు. "రెండో చలికాలం వేడినీళ్ళు మానేసింది. నాకు చెప్పలేదు. ఆవిరి రాకూడదని చన్నీళ్ళతో ఒళ్ళు తుడుచుకునేది, డెబ్భై ఏళ్ళ మనిషి. ఇంటికొచ్చే నర్సుకి తెలుసు, ఆవిడ తరవాత చెప్పేదాకా నాకు తెలీదు. ఆ మార్చిలో పోయింది. గుండె అన్నారు డాక్టర్లు. చెమ్మే చంపిందని నేను అనను. నేను తిట్టానంటున్నాను."

"అయ్యో క్లిఫ్ గారూ," అంది జానిస్. తన చేతికేసి చూసుకుంది. ఆరు నిమిషాలు పట్టింది నాలుగేళ్ళ కిందట ఈ ఇంట్లో పని.

"దాన్ని పోగొట్టుకున్నాక కప్పులు చూడ్డం మొదలుపెట్టాను," అన్నాడాయన. "అప్పటికే ఆలస్యమైంది కదా, ఇంకేం పనుంది నాకు." కాగితం ఆమె వైపు జాపాడు. "ఇందులో చివరి వాక్యం ఉందే, తప్పు లేదని రాశావు. అది చదువు."

"ఇంట్లో ఉన్నవాళ్ళ తప్పు..."

"ఇక్కడ కాదు తల్లీ. ఆ గదిలోకి వెళ్ళి చదువు. నేను చదివితే మార్లీన్ నమ్మదు."

జానిస్ కాగితం పట్టుకుని వెళ్ళింది. మంచం లేని గదిలో, నల్లటి కప్పు కింద నిలబడి, ముందుగదిలోకి కూడా వినబడేలా ఆ వాక్యం చదివింది.